డిగ్రీలో మైనర్‌గా కుటుంబ ఆర్థిక ప్రణాళిక: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో బ్యాచిలర్స్ రెండో ఏడాది చదువుతోంది. మేజర్ (ప్రధాన సబ్జెక్టు) సైకాలజీ. ఇప్పుడు ‘ఫ్యామిలీ ఫైనాన్షియల్ ప్లానింగ్’ మైనర్ (మేజర్‌కు తోడుగా చదివే చిన్న సబ్జెక్టు) కూడా చేస్తానంటోంది. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉంది. అక్కడ ఉద్యోగానికి ఇది కలిసొస్తుందా, అదనపు ఖర్చు తప్ప ఏమీ ఉండదా?
– ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: చదువుగా మంచి ఎంపికే. వీసా విషయంలో మాత్రం మైనర్ అక్కరకు రాదు. చదువయ్యాక ఓపీటీ (ఎఫ్-1 విద్యార్థులకు ఇచ్చే తాత్కాలిక పని అనుమతి) మీద చేసే పని మేజర్‌కు నేరుగా సంబంధించినదై ఉండాలి. సైకాలజీ మేజర్‌తో చదివి, మైనర్‌ను చూపించి ఆర్థిక సలహా సంస్థలో ఓపీటీ చేస్తానంటే ఒప్పుకోరు. సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం డిగ్రీలవాళ్లకు ఓపీటీ మీద ఇచ్చే 24 నెలల స్టెమ్ పొడిగింపుకూ మైనర్ ఆధారం కాదు. అదే రంగంలో స్థిరపడాలని అమ్మాయి గట్టిగా అనుకుంటే, దాన్నే రెండో మేజర్‌గా తీసుకోవచ్చేమో ఇప్పుడే అడగమనండి. మూడో ఏడాది దాటితే కోర్సులన్నీ పూర్తిచేసే వ్యవధి ఉండదు.

మైనర్‌కు సాధారణంగా 15 నుంచి 18 క్రెడిట్లు, అంటే మూడేసి క్రెడిట్ల కోర్సులు అయిదారు ఉంటాయి. ఇంటి బడ్జెట్, అప్పులు, ఇన్సూరెన్స్, పెట్టుబడులు, పన్నులు, రిటైర్మెంట్, వీలునామా వ్యవహారాలు చెబుతారు. ఇక్కడ చాలామంది ఇబ్బంది పడేది కోర్సుల వరసతో. ఒకటి పాసైతేనే రెండోదానిలో చేరనిస్తారు, పైగా కొన్ని కోర్సులు ఏడాదికి ఒక్క సెమిస్టర్‌లోనే నడుస్తాయి. ఒకటి తప్పిందంటే ఏడాది ఆగాల్సి వస్తుంది. అందుకే చేరకముందే మిగిలిన సెమిస్టర్లన్నిటికీ ఏ కోర్సు ఎప్పుడో కాగితం మీద రాసుకుని అడ్వైజర్‌కు చూపించాలి.

అడ్వైజర్‌ను తప్పనిసరిగా అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది: ‘ఈ మైనర్ సీఎఫ్‌పీ బోర్డు దగ్గర రిజిస్టరైన ప్రోగ్రామేనా?’ సీఎఫ్‌పీ (సర్టిఫైడ్ ఫైనాన్షియల్ ప్లానర్) అంటే ఆ బోర్డు ఆర్థిక సలహాదారులకు ఇచ్చే సర్టిఫికెట్. జవాబు అవునైతే సీఎఫ్‌పీ పరీక్షకు కావాల్సిన చదువు ఇందులోనే పూర్తవుతుంది. కాదంటే, చివర్లో ఒక కుటుంబానికి పూర్తి ప్రణాళిక తయారుచేసే క్యాప్‌స్టోన్ కోర్సో, ఎస్టేట్ ప్లానింగో (వీలునామా, ఆస్తుల పంపకం) లోటుపడి మళ్లీ విడిగా చదవాల్సి వస్తుంది. పరీక్షలో 170 ప్రశ్నలు, మూడేసి గంటల చొప్పున రెండు భాగాలు. పాసైతే చాలదు, 6,000 గంటల అనుభవం కూడా చూపించాలి. సీఎఫ్‌పీ ఉన్నవాళ్ల దగ్గర నేరుగా శిష్యరికం చేసే మార్గంలోనైతే 4,000 గంటలు. మైనర్ పూర్తిచేసిన వెంటనే సలహాదారు అయిపోవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి.

సైకాలజీ విద్యార్థిని కావడం మీ అమ్మాయికి నిజంగా కలిసొచ్చే సంగతి. డబ్బు విషయంలో మనుషులు ఎలా ఆలోచిస్తారు, దంపతుల మధ్య పేచీ ఎక్కడ మొదలవుతుంది అన్న అంశాన్ని సీఎఫ్‌పీ బోర్డు 2021లో తన ప్రధాన పాఠ్యాంశాల్లో చేర్చింది. ఫైనాన్స్ చదివినవాళ్లు తడబడేది సరిగ్గా అక్కడే.

ఫీజు సంగతి. ఫుల్‌టైమ్ విద్యార్థులకు క్రెడిట్లు కొన్ని పెరిగినా ఒకే ఫీజు తీసుకునే యూనివర్సిటీలున్నాయి, ప్రతి క్రెడిట్‌కూ విడిగా వసూలు చేసేవీ ఉన్నాయి. మీ అమ్మాయి యూనివర్సిటీది ఏ పద్ధతో ముందే కనుక్కోండి. ఈ మైనర్ కోర్సులు ఆన్‌లైన్‌లో ఉంటే ఇంకో జాగ్రత్త కావాలి. ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు సెమిస్టర్‌కు కనీసం 12 క్రెడిట్లు చదవాలి, ఆ 12లోకి పూర్తి ఆన్‌లైన్ కోర్సు ఒక్కటే లెక్కకొస్తుంది.

ప్రశ్న: ఇదే మైనర్‌లో మొదటి కోర్సు చదువుతున్నాను. పిల్లల చదువు కోసం నెలకు ఎంత దాచాలన్న లెక్కలో నాకు 3 డాలర్ల 40 సెంట్లు వచ్చింది. తప్పని తెలుస్తోంది, ఎక్కడ తప్పానో తెలియడం లేదు. ఈరోజు ఆ చదువు ధర లక్ష డాలర్లు, 10 ఏళ్ల గడువు, ఏటా 5 శాతం పెరుగుదల, పెట్టుబడిపై ఏటా 7 శాతం రాబడి.
– విద్యార్థిని, టెక్సస్

జవాబు: నెలలు 120 అని సరిగ్గానే కొట్టారు. వడ్డీ దగ్గర మాత్రం ఏడాది రేటు 7ను అలాగే ఉంచేశారు. క్యాలిక్యులేటర్ దాన్ని నెలకు 7 శాతంగా తీసుకుంది. ఆ రేటున 120 నెలలు పెరిగితే ఎంత చిన్న మొత్తమైనా కొండంత అవుతుంది. నెలల్లో లెక్క కడితే రేటు కూడా నెలదే కావాలి: 7ను 12తో భాగిస్తే 0.5833.

వరసగా చేద్దాం. ముందు ధర పెంచాలి. లక్ష డాలర్లు 5 శాతం చొప్పున పదేళ్లకు సుమారు 1,62,889 అవుతాయి. అది లక్ష్యం. నెలకు 0.5833 శాతం, 120 నెలలు, నెలాఖరున జమ చేస్తే నెలకు దాదాపు 941 డాలర్లు కావాలి. నెల మొదట్లో జమ చేస్తే 936 చాలు. క్యాలిక్యులేటర్‌లోని బిగిన్ (నెల మొదట్లో), ఎండ్ (నెలాఖరున) మోడ్‌ల మధ్య ఉన్న తేడా అదే. కిందటి లెక్కకు బిగిన్ పెట్టి మర్చిపోతే తర్వాతివన్నీ కొద్దికొద్దిగా తప్పుతాయి. తేడా చిన్నది కాబట్టి కంటికి ఆనదు, అందుకే ప్రతి లెక్కకూ ముందు మోడ్ చూసుకోండి.

మీరు చెయ్యకపోయినా క్లాసులో ఎక్కువమంది చేసే తప్పు ఇంకొకటి: ధర పెంచకుండా ఈనాటి లక్ష మీదే కట్టెయ్యడం. అలా చేస్తే నెలకు 578 డాలర్లే వస్తుంది. ఈ తప్పు ప్రమాదకరమైనది, ఎందుకంటే 578 నమ్మదగ్గట్టే ఉంటుంది. పదేళ్ల తర్వాత ఆ కుటుంబానికి దాదాపు 63,000 డాలర్లు తక్కువపడతాయి.

ప్రశ్న: మాది గుంటూరు. బీకామ్ చదువుతున్నా. మన దగ్గర ఇలాంటి మైనర్ ఉందా? అమెరికాలో చదివినది ఇక్కడ పనికొస్తుందా?
– డిగ్రీ విద్యార్థి

జవాబు: యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీ 120 క్రెడిట్లయితే అందులో మైనర్‌కు 24. ఏయే మైనర్లు ఉంటాయన్నది మాత్రం మీ కాలేజీని బట్టి ఉంటుంది. సరిగ్గా ఈ పేరుతో లేకపోతే పర్సనల్ ఫైనాన్స్, ఇన్సూరెన్స్, బ్యాంకింగ్ పేపర్లు చూడండి. హోమ్ సైన్స్‌లోని కుటుంబ వనరుల నిర్వహణ దీనికి చాలా దగ్గర చుట్టం, ఇంటి ఖర్చుల పాఠాలు అందులో కామర్స్ కన్నా లోతుగా ఉంటాయి. మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్ కావాలంటే మైనర్‌తో సంబంధం లేదు. ఎన్‌ఐఎస్‌ఎం (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సెక్యూరిటీస్ మార్కెట్స్) ఐదు-ఏ పరీక్షలో 50 శాతం తెచ్చుకుని, మ్యూచువల్ ఫండ్ సంస్థల సంఘమైన యాంఫీ దగ్గర ఏఆర్ఎన్ అనే రిజిస్ట్రేషన్ నంబరు తీసుకోవాలి.

ఇక అక్కడి చదువు. లెక్కల పద్ధతులు, బడ్జెట్, ఇన్సూరెన్స్ ఎంత అవసరమో అంచనా వెయ్యడం ఎక్కడైనా ఒకటే. పన్నులు, రిటైర్మెంట్ ఖాతాలు, వారసత్వం కొత్తగా నేర్చుకోవాల్సిందే. ఒక్క ఉదాహరణ చాలు. అమెరికాలో 401(కె) అనే ఉద్యోగుల రిటైర్మెంట్ ఖాతా డబ్బు వీలునామాలో ఏం రాసినా బెనిఫిషియరీగా రాసిన వ్యక్తికే వెళ్తుంది. ఇక్కడ షేర్లు, మ్యూచువల్ ఫండ్లలో నామినీ ఆ డబ్బు అందుకుంటాడంతే, హక్కు చట్టబద్ధ వారసులదే. సుప్రీంకోర్టు 2023లో ఈ మాటే స్పష్టం చేసింది. జీవిత బీమాలో మాత్రం 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలుగా ఉంటే డబ్బు మీద హక్కు కూడా వాళ్లదే. మీరు బీకామ్ కాబట్టి ఈ తేడాను ముందు మీ ఇంట్లోని పాలసీల మీద, ఖాతాల మీద సరిచూసుకోండి: ఎవరి పేరు నామినీగా ఉంది, వీలునామా ఉంటే అందులో ఎవరి పేరు ఉంది.