కాలేజీ మహిళల బాస్కెట్‌బాల్ జీవితానికి ఏం నేర్పుతుంది?

అమెరికాలో కాలేజీ జట్టుకు నాలుగేళ్లు ఆడిన అమ్మాయికి చివరికి ఏం మిగులుతుందన్నది ప్రశ్న. క్రమశిక్షణ, కలిసి ఆడటం... ఇవి అందరూ చెప్పేవే. నన్నడిగితే అసలు పాఠం ఆడనివ్వకుండా కూర్చోబెట్టే బెంచీ మీదే దొరుకుతుంది.

2017 జాతీయ కాలేజీ మహిళల టోర్నీ సెమీఫైనల్ చూడండి. వరసగా 111 మ్యాచ్‌లు గెలిచిన కనెక్టికట్ యూనివర్సిటీని మిసిసిపీ స్టేట్ యూనివర్సిటీ జట్టు 66-64తో ఓడించింది. ఓవర్‌టైమ్ ముగుస్తుండగా ఆఖరి బాస్కెట్ వేసింది మోర్గన్ విలియం. ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలే. ఆ రాత్రి ఎక్కడ చూసినా ఆమె పేరే. రెండు రోజులకే ఫైనల్. చివరి క్వార్టర్ పది నిమిషాలూ కోచ్ ఆమెను కూర్చోబెట్టేశాడు, జట్టు ఓడింది. (ఆ నిర్ణయం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.) మొన్నటి చప్పట్లు ఇవాళ చోటు సంపాదించిపెట్టవని ఇరవై ఏళ్ల వయసులో, అదీ కోట్లాది కళ్ల ముందు కాకపోయినా లక్షల మంది చూస్తుండగా తెలుసుకోవడం మాటలు కాదు.

చదువు సంగతి వేరు. టెనెసీ యూనివర్సిటీ కోచ్ ప్యాట్ సమిట్ 38 సీజన్లలో 1,098 మ్యాచ్‌లు, 8 జాతీయ టైటిళ్లు గెలిచారు. అయినా ఆమె దగ్గర ఆడినవాళ్లు తరగతిలో మొదటి మూడు వరసల్లోనే కూర్చోవాల్సి వచ్చేది, క్లాసు ఎగ్గొట్టడానికి వీలుండేది కాదు. చాదస్తం అనుకోవచ్చు. కానీ లెక్క చూడండి: కాలేజీ ఆటలో పై స్థాయి అయిన మొదటి డివిజన్‌లోనే మూడు వందలకు పైగా జట్లున్నాయి, మహిళల ప్రొఫెషనల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ కొత్త ఆటగాళ్లను ఎంచుకునే 2024 డ్రాఫ్ట్‌లో తీసుకున్నది 36 మందిని. మిగతావాళ్లలో చాలామంది వెతుక్కోవాల్సింది మామూలు ఉద్యోగమే.