జీబీ రేసర్ మోడల్ దిగేటప్పుడు ఎడమ రెక్క వాలిపోతోంది, ఎలా దించాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: రేణిగుంటలో ఉంటున్నారు. హై వింగ్ ట్రైనర్ (రెక్క పైన ఉండే, నేర్చుకునేవాళ్ల మోడల్) మీద చేయి బాగా తిరిగాక రిమోట్‌తో ఎగరేసే జీబీ ఆర్-1 రేసర్ మోడల్ విమానం కొన్నారు. టేకాఫ్, గాల్లో తిప్పడం బాగానే ఉన్నాయి. దించేటప్పుడు మాత్రం నేలకి ఇంకా ఆరేడు అడుగులు ఉండగానే ఎడమ రెక్క వాలి పడిపోతోంది. ల్యాండింగ్ గేర్ రెండుసార్లు ఊడింది. ఏలరాన్ (విమానాన్ని పక్కకి ఒరిగించే రెక్క పలక) సర్వో, అంటే ఆ పలకని కదిపే చిన్న మోటార్, పాడైందేమో అని మీ అనుమానం.

సర్వో అయ్యుండదు. పైన సరిగ్గా తిరిగే విమానం ప్రతిసారీ నేల దగ్గరే, అదీ ఎడమ వైపే పడుతోందంటే అది స్టాల్, అంటే వేగం చాలక రెక్క విమానాన్ని మోయలేకపోవడం. నేను చిత్తూరు వైపు ఇదే రకం మోడల్‌ని, ఎలక్ట్రిక్ మోటార్‌తో, రెండు కిలోలకి కాస్త లోపు బరువున్నదాన్ని చాలాకాలంగా ఎగరేస్తున్నాను. దీన్ని ఎలివేటర్‌తో (ముక్కుని ఎత్తి దించే తోక పలక) కాదు, థ్రాటిల్‌తో (మోటార్ శక్తిని పెంచి తగ్గించేది) దించాలి. కింద రాసేదంతా దాని గురించే.

ట్రైనర్ మనకి ఒక అలవాటు నేర్పుతుంది. రన్‌వే ఎదురుగా రాగానే థ్రాటిల్ పూర్తిగా తీసేయడం, తర్వాత ఎలివేటర్ కొద్దికొద్దిగా లాగుతూ తేలించి దించడం. ట్రైనర్‌కి పెద్ద రెక్క ఉంటుంది, బరువు తక్కువ, అందుకే అది మన కోసం ఆగుతుంది. జీబీకి రెక్క చిన్నది, బరువు ఎక్కువ, ముందు భాగం డ్రమ్ములా ఉంటుంది. థ్రాటిల్ తీసిన మరుక్షణం ఆ లావు శరీరమూ, ఖాళీగా తిరిగే ప్రొపెల్లరూ కలిసి బ్రేక్ వేసినట్టు వేగాన్ని తినేస్తాయి. మీరు ముక్కు ఎత్తే కొద్దీ ఆ శరీరం తోకకి వెళ్లే గాలిని కూడా అడ్డుకుంటుంది. అంటే ఎలివేటర్, రడ్డర్ (ముక్కుని ఎడమకీ కుడికీ తిప్పే నిలువు తోక పలక) మీకు బాగా అవసరమైన క్షణంలోనే బలహీనపడతాయి.

అసలు విమానమూ ఇలాంటిదే. అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్ ఊళ్లో గ్రాన్‌విల్ సోదరులు 1932లో దాన్ని కేవలం వేగం కోసం కట్టారు. 800 హార్స్‌పవర్ రేడియల్ ఇంజన్, దాని వెనక బొద్దుగా కన్నీటి చుక్క ఆకారం, తోకకి ఆనుకున్నట్టుగా కాక్‌పిట్, పేరుకి మాత్రమే ఉన్న నిలువు తోక. పైలట్ జిమ్మీ డూలిటిల్ ఆ ఏడాది సెప్టెంబరులో దాని మీద గంటకు 476 కిలోమీటర్ల రికార్డు కొట్టారు, క్లీవ్‌లాండ్‌లో థాంప్సన్ ట్రోఫీ విమాన పందెం గెలిచారు, ఆ తర్వాత రేసింగే మానేశారు. మరుసటి ఏడాది అదే విమానం టేకాఫ్‌లో కూలి పైలట్ రసెల్ బోర్డ్‌మన్ చనిపోయారు. మోడల్ తయారుచేసేవాళ్లు తోకని కాస్త పెంచుతారు గానీ ఆ పొట్టి ఆకారం పెట్టే ఇబ్బంది మోడల్‌లోనూ ఉంటుంది. కాబట్టి మీకు చేతకావడం లేదని అనుకోకండి.

ఇక ఎడమ రెక్కే ఎందుకు? రెండు కారణాలు కలుస్తున్నాయని నా అంచనా. మొదటిది, వేగం తగ్గి విమానం కుంగుతుంటే భయంతో థ్రాటిల్ ఒక్కసారిగా తోస్తారు. వెనక నుంచి చూస్తే ప్రొపెల్లర్ కుడి వైపు తిరుగుతుంది కదా, దాని ఎదురుదెబ్బకి విమానం ఎడమకి ఒరుగుతుంది. రెండోది, ఒరిగిన రెక్కని లేపడానికి చేయి తనంతట తానే కుడి ఏలరాన్ ఇస్తుంది. అప్పుడు ఎడమ ఏలరాన్ కిందికి దిగి ఆ రెక్క గాలిని ఢీకొనే కోణాన్ని ఇంకా పెంచుతుంది. అప్పటికే స్టాల్ అంచున ఉన్న రెక్క దాంతో పూర్తిగా పడిపోతుంది. చూసేవాళ్లకి సర్వో ఉల్టా పనిచేసినట్టే కనిపిస్తుంది. మీ అనుమానానికి మూలం ఇదే అయ్యుంటుంది.

ఎగరేసే ముందు సీజీ (విమానం బరువు సమతూకంగా నిలిచే బిందువు) చూడండి. పుస్తకంలో ఇచ్చిన కొలతని గుడ్డిగా నమ్మకండి. నా మోడల్‌కి అందులో చెప్పిన దానికంటే 8 మిల్లీమీటర్లు ముందుకి జరిపాకే ల్యాండింగ్‌లో ప్రశాంతత వచ్చింది. రెక్క ముందు అంచు నుంచి సగటు వెడల్పులో 25 శాతం దగ్గర మొదలుపెట్టండి. బ్యాటరీని ముందుకి జరిపితే చాలావరకు సరిపోతుంది, చాలకపోతే మోటార్ వెనక గోడకి సీసం అంటించండి. బరువు పెరుగుతుందని వెనకాడొద్దు. ముక్కు కాస్త బరువైతే దించేటప్పుడు కొంచెం వేగం కావాలి, అంతే. తోక బరువైతే మాత్రం ఏ చేయీ దాన్ని కాపాడలేదు. రిమోట్‌లో ఎలివేటర్‌కి లో రేట్ (పలక కదలికని తగ్గించేది), 30 శాతం దగ్గర ఎక్స్‌పో (స్టిక్ మధ్యలో స్పందనని మెత్తబరిచేది) పెట్టుకోండి.

తర్వాతి పని కింద కాదు, పైన. 60 మీటర్ల ఎత్తులో, గాలికి ఎదురుగా, ల్యాండింగ్ చేస్తున్నట్టే విమానాన్ని తిన్నగా నడుపుతూ థ్రాటిల్ ఒక్కో క్లిక్ (స్టిక్‌లో ఒక్కో మెట్టు) తగ్గించండి. ఎత్తు పోకుండా ఎలివేటర్ పట్టుకోండి. ఎక్కడో ఒకచోట రెక్క వాలుతుంది. వాలగానే ఎలివేటర్ వదిలేసి, రడ్డర్‌తో సరిచేసి, థ్రాటిల్ మెల్లగా పెంచండి. ఏలరాన్ ముట్టుకోకండి. ఇది చేతికి అలవాటయ్యేదాకా చేయండి, విసుగు పుట్టినా సరే. రెక్క వాలినప్పుడు థ్రాటిల్ స్టిక్ ఏ స్థానంలో ఉందో వేలికి గుర్తుండాలి. నేల దగ్గర ఆ స్థానం కంటే మూడు నాలుగు క్లిక్కులు పైనే ఉంటారు, చక్రాలు తాకేదాకా. నా విమానానికి అది దాదాపు మూడో వంతు థ్రాటిల్. మీదానికి వేరుగా ఉండొచ్చు, ప్రొపెల్లర్‌ని బట్టి మారుతుంది.

ఇప్పుడు అసలు దిగడం. చాలామంది ఆఖరి పది అడుగుల గురించే టెన్షన్ పడతారు, కానీ అంతకుముందు తిప్పే మలుపులోనే సగం పని అయిపోతుంది. రన్‌వే వైపు తిరిగే మలుపుని పెద్దదిగా, చదునుగా తీసుకోండి. 30 డిగ్రీల వంపులో స్టాల్ వేగం సుమారు 7 శాతం పెరుగుతుంది, 45 డిగ్రీల్లో 19 శాతం, 60 డిగ్రీల్లో 41 శాతం. రన్‌వే దాటిపోతోందని ఆఖర్లో గట్టిగా వంచి ఎలివేటర్ లాగితే వాలేది అక్కడే. దాటిపోతే పోనివ్వండి, చుట్టూ తిరిగి మళ్లీ రండి. మలుపు అయ్యాక రెక్కలు సమంగా పెట్టి, పొడవైన, తక్కువ వాలున్న దారిలో దింపుకుంటూ రండి. ఎలివేటర్‌తో ముక్కుని ఒకే కోణంలో పట్టుకోండి. ఎత్తు ఎక్కువైతే థ్రాటిల్ ఒక క్లిక్ తగ్గించండి, తక్కువైతే ఒక క్లిక్ పెంచండి. మొదట్లో మనసుకి ఎక్కదు, ఎత్తు కావాలంటే ఎలివేటర్ లాగాలనే అనిపిస్తుంది. ఇక్కడ అలా లాగితే వచ్చేది ఎత్తు కాదు, స్టాల్.

నేల మీద రెండు మూడు అడుగులు ఉన్నప్పుడు ముక్కుని సమం చేయడానికి సరిపడా మాత్రమే లాగండి. తోక చక్రంతో కలిపి మూడు చక్రాలూ ఒకేసారి తాకించాలని చూడకండి, ముందు రెండు చక్రాల మీదే పరుగెత్తనివ్వండి. తాకాక కూడా థ్రాటిల్ వెంటనే తీయొద్దు. విమానం నేల మీద స్థిరపడ్డాక మెల్లగా తగ్గించండి. తోక దానంతట అదే దిగుతుంది. దిగాక ఎలివేటర్ పూర్తిగా లాగి పట్టుకోండి, లేకపోతే ముక్కు మీద పడుతుంది. తోక పొట్టిది కాబట్టి నేల మీద గిర్రున తిరగడానికీ చూస్తుంది. వేళ్లు రడ్డర్ మీదే ఉండాలి, చిన్న చిన్న సవరణలు చాలు. నాకు ఈ విమానంలో అన్నిటికంటే ఇష్టమైన క్షణం ఆ తోక దిగే క్షణమే.

దిగడం కుదరదని ఏమాత్రం అనిపించినా లేపేయండి. థ్రాటిల్‌ని ఒకట్రెండు సెకన్లలో సాఫీగా పెంచుతూ, దాంతోపాటే కుడి రడ్డర్ ఇవ్వండి. వేగం అందాకే ఎక్కించండి. ఇలా రెండు మూడుసార్లు తిరగాలంటే బ్యాటరీ ఉండాలి కదా, అందుకే టైమర్ 4 నిమిషాలకే పెట్టుకుంటాను. మొదటి ప్రయత్నానికి వచ్చేసరికి మూడో వంతు చార్జ్ మిగిలే ఉంటుంది. బ్యాటరీ అయిపోతోందనే తొందర ఈ విమానానికి సరిపడదు.

మన ఊళ్ల ఎండ గురించి కూడా చెప్పాలి. 18 డిగ్రీల డిసెంబరు ఉదయంతో పోలిస్తే 40 డిగ్రీల మే మధ్యాహ్నం గాలి దాదాపు 7 శాతం పలచన. స్టాల్ వేగం 4 శాతం దాకా పెరుగుతుంది. ఇది చిన్న లెక్కే, అసలు బాధ వేడికి నేల నుంచి లేచే గాలి కెరటాలతో. నైరుతి రుతుపవనాల నెలల్లో పడమటి గాలి కొండల మీదుగా దిగేటప్పుడు కొండకి ఇవతల సుళ్లు తిరుగుతుంది, రేసర్‌కి అది మంచిది కాదు. పొద్దున ఎండ ఎక్కకముందే ఎగరేయండి. గాలి ఉన్నరోజు ఇంకో క్లిక్ ఎక్కువ పెట్టుకోండి, నేల దగ్గర గాలి తగ్గిపోయి విమానం హఠాత్తుగా కుంగుతుంది.

జాగా విషయానికొస్తే, ఎండిన చెరువు నేల బాగుంటుంది, బీటలు లేని చోటు చూసుకుంటే చాలు. వెంచర్లలో వేసిన మట్టి రోడ్లు పొడవుగా ఉంటాయి గానీ పక్కనే కరెంటు తీగలుంటాయి, కంకర చక్రాలకి అడ్డం పడుతుంది. చెనిక్కాయ కోసేసిన చేను అయితే రైతుని అడిగి వెళ్లండి. చక్రాలకి ఉండే తొడుగులు తీసేసి ఒక సైజు పెద్ద చక్రాలు వేయండి, అందం తగ్గినా గేర్ బతుకుతుంది. రెండు కిలోల విమానం దిగే వేగంలో కూడా మనిషిని తీవ్రంగా గాయపరచగలదు. మోటార్ శబ్దానికి పిల్లలు పరుగెత్తుకొస్తారు కాబట్టి పక్కన ఒక మనిషిని తప్పకుండా పెట్టుకోండి, మీరు కళ్లు విమానం మీద నుంచి తీయలేరు.

మీ ఇంటి దగ్గర మాత్రం వద్దు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం విమానాశ్రయం సరిహద్దు నుంచి 8 కిలోమీటర్ల లోపు అనుమతి లేకుండా ఎగరేయకూడదు, 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 60 మీటర్ల ఎత్తు దాటకూడదు. రేణిగుంట విమానాశ్రయం మీ పక్కనే. తిరుమల కొండ వైపు అసలు ఆలోచనే పెట్టుకోకండి. చిత్తూరు, పూతలపట్టు వైపు వస్తే విశాలమైన జాగాలున్నాయి. అక్కడైనా ముందు డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూసుకోండి.

రెక్క ముందు అంచు నుంచి మీ సీజీ ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర ఉంది, బ్యాటరీతో కలిపి మొత్తం బరువెంత, ప్రొపెల్లర్ సైజు ఎంత అన్నది కింద రాయండి. ఆ మూడూ తెలిస్తే ఏ థ్రాటిల్ దగ్గర మొదలుపెట్టాలో ఇంకాస్త కచ్చితంగా చెప్తాను. గేర్ ఊడిన చోట లోపలి ప్లైవుడ్ చీలిందేమో కూడా చూడండి. చీలితే జిగురు ఒక్కటే చాలదు, వెనక నుంచి మరో ప్లైవుడ్ ముక్క అతికించాకే మళ్లీ ఎగరేయండి.