జిగురుతో అతికే వంతెన: మా అమ్మాయి ప్రాజెక్టుకు భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి అనంతపురంలో బీటెక్ సివిల్ మూడో సంవత్సరం. గాజు ఫైబర్‌తో చేసిన వంతెన డెక్కును (వాహనాలు నడిచే పైభాగాన్ని) ఉక్కు గర్డర్లకు (దాన్ని మోసే దూలాలకు) జిగురుతో అతికిస్తే ఆ అతుకు ఎంత గట్టిగా ఉంటుందో ప్రాజెక్టుగా చేస్తానంటోంది. దీంతో ఉద్యోగం వస్తుందా? దీన్ని మాన్పించి సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్చమంటారా?
- ఒక తండ్రి, ఎమ్మిగనూరు

జవాబు: మాన్పించకండి. ఇది గాలిలో మేడ కాదు. స్విట్జర్లాండ్‌లోని బెక్స్ దగ్గర 2012లో పాత వంతెన తీసేసి, ఫైబర్ డెక్కును ఉక్కు గర్డర్ల మీద ఎపాక్సీ అనే జిగురుతో అతికించారు. ఫైబర్ డెక్కు బరువు కాంక్రీటు డెక్కులో సుమారు ఐదో వంతే ఉంటుంది. డెక్కు బరువు తగ్గితే ఆ మేరకు వాహనాల బరువు మోయొచ్చు.

అతుకు బలమంతా తయారీలో ఉంది. పంక్చర్ వేసేవాళ్లు ట్యూబును గరుకుగా రుద్దాకే సొల్యూషన్ రాస్తారు కదా, ఇక్కడా అంతే. ఉక్కుకున్న జిడ్డు, తుప్పు పోగొట్టి, గ్రిట్ బ్లాస్టింగ్ చేసి (గట్టి రేణువులను వేగంగా చిమ్మి గరుకుగా చేసి), మళ్లీ తుప్పు పట్టకముందే జిగురు పూయాలి. ఆ పని సరిగ్గా జరిగితే చాలాసార్లు జిగురు కన్నా ముందు ఫైబర్ పై పొరే చిరుగుతుంది. కోత బలాలను, అంటే పొరలను ఒకదాని మీద ఒకటి జారేలా నెట్టే బలాలను, బాగా తట్టుకునే ఈ అతుకు, డెక్కును పైకి లేపే బలాల దగ్గర బలహీనపడుతుంది.

మీ అమ్మాయి పట్టుకోవాల్సింది మాత్రం ఎండను. మామూలు వాతావరణంలో గట్టిపడే ఎపాక్సీలు చాలావరకు 50-60 డిగ్రీల దగ్గర మెత్తబడడం మొదలెడతాయి. కర్నూలు, అనంతపురం వేసవిలో గాలే 42 దాటుతుంది. గర్డరు నీడలో ఉన్నా డెక్కు ఎండకు కాగుతుంది. చల్లటి దేశాల ఫలితాలను ఇక్కడికి తెచ్చి వాడితే సరిపోదు. అదే జిగురుతో ఒకే రకం అతుకులు చేసి, కొన్నింటిని మామూలు వేడిమిలో, కొన్నింటిని 40, 50, 60 డిగ్రీల దగ్గర ఆ వేడి తగ్గకుండా యూటీఎం (నమూనాలను లాగి, నొక్కి బలం కొలిచే యంత్రం) మీద లాగి చూడమనండి. ఎక్కడ తెగిందో ప్రతిదానికీ ఫొటో తీసి పెట్టుకోవాలి: జిగురులోనా, ఉక్కు అంచునా, ఫైబర్‌లోనా? ఇంటర్వ్యూలో ఆమెను నిలబెట్టేవి ఆ ఫొటోలే.

ఉద్యోగం సంగతి దాచకుండా చెబుతాను. అతికించిన డెక్కుల మీదే పనిచేసే కొలువులు మన దేశంలో దాదాపు లేవు. కానీ పాత వంతెనలకు, భవనాల దూలాలకు కార్బన్ ఫైబర్ పట్టీలను ఎపాక్సీతో అతికించి బలపరిచే పని బాగానే ఉంది. నిర్మాణ రసాయనాల కంపెనీలకు, మరమ్మతు కాంట్రాక్టర్లకు, టెస్టింగ్ ల్యాబులకు ఈ అతుకుల గుట్టు తెలిసినవాళ్లు కావాలి. గేట్ రాసి ఐఐటీ మద్రాసులోనో, బెంగళూరు ఐఐఎస్సీలోనో స్ట్రక్చర్స్ వైపు ఎంటెక్ చేస్తే దారి ఇంకా తెరుచుకుంటుంది. చెన్నైలోని సీఎస్ఐఆర్-ఎస్‌ఈఆర్‌సీ పరిశోధనలు కట్టడాల మీదే. డిజైన్ ఉద్యోగానికైతే వంతెనల డిజైన్‌కు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన ఐఆర్‌సీ 22, 24 కోడ్‌లు చేతికి రావాలి, వాటిని పక్కన పెట్టొద్దనండి.

సాఫ్ట్‌వేర్ నేర్పించాలనే ఉంటే, కట్టడం మీద బలాలు ఎలా పనిచేస్తాయో లెక్కగట్టే అన్సిస్ గానీ అబాకస్ గానీ నేర్పించండి. తన ల్యాబు ఫలితాన్ని కంప్యూటర్ లెక్కతో పోల్చుకోగలుగుతుంది. ప్రాజెక్టు పేరు ఖరారు చేసేముందు కాలేజీ యూటీఎంకు వేడి చాంబరు ఉందో లేదో గైడును అడగమనండి. లేకపోతే ఇంకో ల్యాబు చూసుకోవడానికి ఇప్పుడైతే టైముంది.