మంచు పడ్డాక జింక ఏం చేస్తుంది? మీ ప్రశ్నలు, మా జవాబులు

అమెరికాలో చలికాలపు వేట గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. వేటాడేవాళ్లూ రాశారు, జింకల మీద జాలితో రాసినవాళ్లూ ఉన్నారు. అన్నీ తెల్లతోక జింక గురించే కాబట్టి ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: నవంబర్ చివర్లో థాంక్స్‌గివింగ్ పండగ వారం గన్ సీజన్‌లో రోజూ జింకలు కనిపించాయి. అది అయిపోయి, గొట్టం మూతి నుంచి మందు కూరే పాతకాలపు తుపాకుల మజిల్‌లోడర్ సీజన్ వచ్చాక అదే ట్రీ స్టాండ్‌లో (చెట్టు మీది మంచెలో) కూర్చుంటే ఒక్కటీ రావట్లేదు. ఎక్కడికి పోయాయండీ?
– ఒక పాఠకుడు, మ్యాడిసన్, విస్కాన్సిన్

ఎక్కడికీ పోలేదండీ, ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. పొలాలూ అడవీ కలిసి ఉండే మీ ప్రాంతంలో జింక తను తిరిగే చోటు వదిలి అంత తేలిగ్గా పోదు. తుపాకుల చప్పుడుకి నాలుగు రోజులు పక్క పొదల్లోకి తప్పుకున్నా మళ్లీ అక్కడికే వస్తుంది. మారింది దాని పని. నవంబర్‌లో మీరు చూసినవి జత కోసం తిరిగే జింకలు. మగవి తిండి కూడా సరిగా తినకుండా ఆడవాటి వెంట పడతాయి, ఆ కొద్ది వారాల్లోనే ఒంటి బరువులో ఐదో వంతు, ఒక్కోసారి నాలుగో వంతు దాకా పోగొట్టుకుంటాయి. డిసెంబర్ వచ్చేసరికి ఒంట్లో కొవ్వు తగ్గిపోయి ఉంటుంది, బయట మేత తగ్గిపోయి ఉంటుంది, ఎదురుగా మూడు నెలల చలి. ఇక దానికి మిగిలేది ఒకటే లెక్క: తిన్నదానికంటే తిరుగుడికి ఎక్కువ ఖర్చు కాకూడదు. చలికాలంలో జింక చేసే ఏ పనినైనా ఈ లెక్క పెట్టి చూడండి, సగం సందేహాలు అక్కడే తీరిపోతాయి.

మీ స్టాండ్ నవంబర్‌లో మగజింకలు దాటే దారి మీద ఉండి ఉంటుంది. ఇప్పుడు ఆ దారితో వాటికి పనిలేదు. పడుకునే చోటుకీ మేతకీ మధ్య దూరం ఎక్కడ తక్కువో అక్కడ వెతకండి. మేత అంటే ముందు కోయకుండా వదిలేసిన మొక్కజొన్న, సోయా చేలు, అవి లేకపోతే కోసిన చేలో రాలిన గింజలు. అడవిలో అయితే ఓక్ కాయలు. వైట్ ఓక్ కాయలకు వగరు తక్కువ కాబట్టి రాలగానే తినేస్తాయి, రెడ్ ఓక్ కాయలకు వగరు ఎక్కువ కాబట్టి చివరిదాకా మిగులుతాయి. డిసెంబర్‌లో రెడ్ ఓక్ కింద మంచు గీకేసి, గోధుమరంగు ఆకులు పైకి తేలి కనిపిస్తున్నాయంటే అక్కడ మీకు పని ఉంది. కాయలు కూడా అయిపోయాక చిన్న చెట్ల కొమ్మల చివర్లు తింటాయి. ఆ పుల్ల చివర ఒకసారి దగ్గరగా చూడండి. జింకకు పైదవడ ముందు భాగంలో కొరికే పళ్లుండవు, కింది పళ్లతో పట్టుకుని లాగి తెంపుతుంది, అందుకే పుల్ల చివర పీచులు పీచులుగా చిరిగి ఉంటుంది. కుందేలు కొరికింది కత్తితో ఏటవాలుగా కోసినట్టు నున్నగా ఉంటుంది. ఈ తేడా తెలియక కుందేళ్ల పొద దగ్గర స్టాండ్ పెట్టుకున్నవాళ్లున్నారు.

పడుకునే చోటు గాలి తగలకుండా, ఎండ తగిలేలా ఉంటుంది. దక్షిణం వైపు దిగే వాలు, దట్టమైన సీడర్ లేదా పైన్ చెట్ల గుంపు, ఎత్తుగా పెరిగిన గడ్డి. మంచులో కోలగా కరిగి మళ్లీ గడ్డకట్టిన గుంటలు, వాటిలో బూడిదరంగు వెంట్రుకలు కనిపిస్తే అవే పడకలు. చిన్నా పెద్దా నాలుగైదు గుంటలు పక్కపక్కనే ఉంటే తల్లీపిల్లల గుంపు. ఆ చోటు చూసి వెంటనే వెనక్కి రండి, రోజూ వెళ్లి చూడొద్దు. అక్కడ ఒక్కసారి బెదరగొట్టారంటే మీరున్నంతసేపూ కదలవు, చీకటి పడ్డాకే మేతకు బయల్దేరతాయి.

ఒక్కమాట. మీకంటే బాగా ఉత్తరాన, మిషిగన్ అప్పర్ పెనిన్సులా, ఉత్తర మిన్నెసోటా, మెయిన్ లాంటి చోట్ల మంచు లోతుగా పడితే జింకలు నిజంగానే వేసవి చోటు వదిలి, మైళ్ల దూరం నడిచి సీడర్, హెమ్లాక్ అడవుల్లోకి గుంపులుగా చేరతాయి. డియర్ యార్డ్ అంటారు దాన్ని. పైన గుబురు వల్ల అక్కడ మంచు తక్కువ పడుతుంది, తొక్కి తొక్కి దారులు చేసుకుంటాయి. అక్కడికి బంధువుల క్యాబిన్‌కి వెళ్లినప్పుడు మీ ఊరి లెక్క పనిచేయదు.

ప్రశ్న: తెల్లవారుజామునే లేచి చలిలో కూర్చోవడం మంచిదా, సాయంత్రమా? చంద్రుణ్ణి బట్టి ఏ రోజు తిరుగుతాయో చెప్పే యాప్‌లను నమ్మొచ్చా?
– ఒక పాఠకుడు, గ్రాండ్ రాపిడ్స్, మిషిగన్

డిసెంబర్‌లో సాయంత్రం. పొద్దున మీరు చీకట్లో నడిచి వెళ్లే సమయానికి జింకలు ఇంకా చేలోనే ఉంటాయి, మంచు గడ్డకట్టి ఉంటే మీ ప్రతి అడుగూ కరకరమంటుంది, అవి మీకంటే ముందే పోతాయి. సాయంత్రం అలా కాదు, అవి పడుకుని ఉండగానే మీరు మేత దగ్గరికి చేరుకోవచ్చు. బాగా చలి ముదిరిన రోజు చీకటి పడకముందే, ఒక్కోసారి మూడింటికే, మేతకు లేస్తాయి. మంచు తుపాను వచ్చే ముందూ, అది వెలిసిన మర్నాడూ కూర్చోవడం నేనైతే వదులుకోను. తుపాను నడిచేటప్పుడు మాత్రం వెళ్లొద్దు, అవి ముడుచుకుని పడుకుంటాయి. పైవెంట్రుకలు లోపల బోలుగా ఉండి, కింద మెత్తటి బొచ్చు దట్టంగా ఉంటుంది కాబట్టి ఒంటి వేడి బయటికి పోదు. వీపు మీద పడ్డ మంచు కరగకుండా అలాగే ఉంటుంది.

చంద్రుడి సంగతి సూటిగా చెప్తాను. జీపీఎస్ కాలర్లు కట్టి జింకల కదలికలు చూసిన పరిశోధనల్లో పొద్దు పొడిచే వేళ, పొద్దు గుంకే వేళ తిరుగుడు పెరగడం స్పష్టంగా కనిపించింది గానీ, చంద్రుడి వల్ల చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. ఆ యాప్‌కి కట్టే డబ్బు మంచి చేతిజోళ్లకు పెట్టండి.

చంద్రుడికంటే గాలి ముఖ్యం. ఎండకి నేల వేడెక్కేకొద్దీ గాలి వాలు మీదుగా పైకి పోతుంది, సాయంత్రం చల్లబడ్డాక పల్లానికి జారుతుంది. మీరు కొండ మీదా చేను కిందా ఉంటే సరిగ్గా జింకలు వచ్చే వేళకే మీ వాసన వాటి దగ్గరికి దిగుతుంది. గాలి కుదరని రోజు ఆ స్టాండ్ ఎక్కకండి, ఇంట్లో ఉండండి. ఇంకొకటి, చీకటి పడ్డాక జింకలు చేలో మేస్తుండగా మీరు చెట్టు దిగితే మర్నాటి నుంచి ఆ చేను పోయినట్టే. రైతునో స్నేహితుణ్నో ట్రక్కు వేసుకుని చేను దాకా రమ్మనండి. రోజూ చూసే ట్రక్కుకి తప్పుకున్నా వాటికి ఆ చోటు మీద అనుమానం రాదు.

ప్రశ్న: ఒక పెద్ద ఆడజింక నన్ను చూసి నేలమీద కాలు కొడుతుంది, తల దించుతుంది, ఎత్తుతుంది, చివరికి గుంపునంతా లేపుకుపోతుంది. నా నారింజ రంగు జాకెట్ వల్లేనా?
– ఒక పాఠకురాలు, కొలంబస్, ఒహాయో

జాకెట్ వల్ల కాదమ్మా. ఆ నారింజ రంగు మనకు కనిపించినట్టు జింకకు కనిపించదు, దాని కళ్లు ఎరుపు, నారింజ రంగుల్ని విడదీయలేవు. నీలం మాత్రం బాగా పట్టుకుంటాయి, అందుకే జీన్స్‌తో వెళ్లొద్దంటాం. నారింజ రంగు సాటి వేటగాళ్లకు మీరు కనిపించడం కోసం, దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ తీయకండి. జింకకి దొరికింది మీ కదలికో మీ వాసనో. ఆకులు రాలిపోయిన చెట్టు మీద మనిషి ఆకారం ఆకాశానికి అడ్డంగా నల్లగా తెలుస్తుంది, వెనకాల పైన్ చెట్టో లావుపాటి మానో ఉన్న చోటు చూసుకోండి.

చలికాలపు గుంపును నడిపేది చాలావరకు ఆ పెద్ద ఆడదే. కూతుళ్లు, ఆ ఏటి పిల్లలు దాని వెంట ఉంటారు. అది తల దించడం మేయడానికి కాదు. దించినట్టే దించి టక్కున ఎత్తుతుంది, మీరు ఆ సందులో కదులుతారేమోనని చూడటానికి. అప్పుడు తుపాకీ ఎత్తారో అయిపోయింది. కంటిరెప్ప మాత్రమే కదిపేలా ఉండిపోండి. తోక మామూలుగా ఆడించి నిజంగా మేతలో పడితే అనుమానం తీరినట్టు. బుస్సుమని గట్టిగా ఊదిందంటే ఆ సాయంత్రానికి అంతే.

ప్రశ్న: డిసెంబర్‌లో ఆడజింకలు కడుపుతో ఉంటాయి కదా. వాటిని చంపమని లైసెన్స్ ఇవ్వడం ఏం న్యాయం? మా ఆయన వెళ్తానంటే నాకు మనసొప్పడం లేదు.
– ఒక పాఠకురాలు, రోచెస్టర్, మిన్నెసోటా

మీ బాధ అర్థమైందమ్మా, ఉన్న సంగతి దాచను. ఉత్తరాది రాష్ట్రాల్లో ఎక్కువ జింకలు నవంబర్ మధ్యలో జతకడతాయి, సుమారు 200 రోజులకి, మే చివర్లో, జూన్‌లో ఈనుతాయి. కాబట్టి డిసెంబర్‌లో ఎదిగిన ఆడజింక దాదాపుగా కడుపుతోనే ఉంటుంది, అప్పటికి పిండం చాలా చిన్నది. అప్పుడు కట్టనివి, బాగా ఎదిగిన ఆ ఏటి ఆడపిల్లలు కొన్ని డిసెంబర్‌లో కడతాయి.

వేట ఎందుకంటే, పొలాల ప్రాంతాల్లో తోడేళ్లు లేవు, జింకలు పెరిగిపోతే అడవిలో మొలకలన్నీ మేసేస్తాయి, కార్ల కింద పడతాయి, మంచు ఎక్కువ పడ్డ ఏడాది ఆకలితో పడి చస్తాయి. ముందుగా పోయేవి పిల్లలే. సంఖ్య తగ్గించాలంటే ఆడవాటినే తగ్గించాలి, మగవాటిని తగ్గిస్తే ఉపయోగం లేదు. ఇది నేను నమ్ముతాను. అయినా మనసు ఒప్పకపోతే అక్టోబర్‌లోనే టాగ్ (జింకను కొట్టడానికి ఇచ్చే అనుమతి చీటీ) పూర్తిచేసుకోమని మీ వారికి చెప్పండి. లెక్కకి అప్పుడు తీసినా ఒకటే.

ఆయన వెళ్తే ఒక జాగ్రత్త చెప్పండి. డిసెంబర్ చివరి నుంచి మగజింకల కొమ్ములు రాలిపోతాయి, కొమ్ముల్లేనిదల్లా ఆడది కాదు. ఒంటరిగా వచ్చే చిన్నది చాలాసార్లు ఆ ఏటి మగపిల్ల. గుంపు వచ్చేదాకా ఆగి, పక్కపక్కన పోల్చి చూసి పెద్దదాన్ని ఎంచుకోవాలి. నుదురు చదునుగా, చెవుల మధ్య వెడల్పుగా ఉంటే అది మగదే అనుకోవాలి.

ప్రశ్న: మేం వేటాడం. మా పెరట్లోకి జింకలు వస్తాయి. ఈ చలిలో జాలేసి మొక్కజొన్న, మిగిలిన అన్నం పెడుతున్నాం. తప్పా?
– ఒక కుటుంబం, నేపర్‌విల్, ఇల్లినాయ్

దయచేసి ఈరోజే ఆపండి. జింక ఆవులాగే నెమరువేసే జంతువు. కడుపులో ఉండే సూక్ష్మజీవులే మేతను అరిగిస్తాయి, అవి చలికాలంలో పుల్లలకీ బెరడుకీ అలవాటుపడి ఉంటాయి. ఒక్కసారిగా గింజలో అన్నమో పడితే పులిసిపోయి ఆమ్లం పెరుగుతుంది, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. మీరు పెట్టింది కడుపునిండా ఉండగానే చచ్చిపోతుంది. అసలు చలికాలంలో జింక ఆకలే తగ్గిపోతుంది, ఎదురుగా మేత ఉన్నా వేసవిలో తిన్నంత తినదు, ఒంట్లో దాచుకున్న కొవ్వు మీద నెట్టుకొస్తుంది. మీ పెరటి దాకా మంచులో రోజూ నడిపించడం కూడా దానికి నష్టమే.

ఇంకా పెద్ద ప్రమాదం క్రానిక్ వేస్టింగ్ డిసీజ్, జింకల మెదడును పాడుచేసి చిక్కి చచ్చేలా చేసే అంటువ్యాధి. 1967లో కొలరాడోలో మొదట కనిపించింది, 2002లో మీ రాష్ట్రంలోనూ పక్కనున్న విస్కాన్సిన్‌లోనూ బయటపడింది. మందు లేదు, సోకిన జింక చావాల్సిందే. లాలాజలం, మూత్రం, పేడ ద్వారా అంటుకుంటుంది కాబట్టి పది జింకలు ఒకే కుప్ప మీద మూతిపెట్టడం కంటే దానికి తేలిక దారి లేదు. జింకలకు మేత పెట్టడం మీ రాష్ట్రంలో చట్టవిరుద్ధం కూడా.

వేటాడేవాళ్లకి కూడా ఇక్కడే చెప్తున్నా. ఈ జబ్బున్న కౌంటీలో కొట్టిన జింక తలను రాష్ట్రం వాళ్లు చెప్పిన చోట పరీక్షకు ఇవ్వండి, ఫలితం వచ్చేదాకా మాంసం ఫ్రీజర్‌లోనే ఉంచండి, కూర వండి నలుగురికీ పంచొద్దు. జబ్బు ఉందని తేలితే తినొద్దని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్తోంది. ఎంత ఉడికించినా ఈ జబ్బు తెచ్చే ప్రియాన్లు (చెడిపోయిన ప్రొటీన్లు) చావవు.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో జింకను కొట్టానని ఫొటో పెట్టాడు. ఇక్కడ అయితే జైలు కదా?
– ఒక పాఠకుడు, వరంగల్

అవునండీ, ఇక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, అనుమానం అక్కర్లేదు. జింక తెలంగాణ రాష్ట్ర జంతువు, కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌ది. అమెరికాలో కూడా ఒకప్పుడు విచ్చలవిడి వేటతో తెల్లతోక జింకలు 5 లక్షల లోపుకి పడిపోయాయని అంచనా. లైసెన్సులు, సీజన్లు, టాగ్‌లు పెట్టారు. 1937 నుంచి తుపాకులు, తూటాల మీద వేసే పన్ను వన్యప్రాణుల కోసం ఖర్చుపెడుతున్నారు. ఇప్పుడు దాదాపు 3 కోట్లు ఉంటాయని చెప్తారు. మీ అబ్బాయి దగ్గర టాగ్ ఉంటే అతను చేసింది అక్కడ తప్పు కాదు. ఇక్కడి అడవుల పరిస్థితి వేరు.

ప్రశ్న: నాది హెచ్1బీ వర్క్ వీసా. స్నేహితుడి రైఫిల్ తీసుకుని జనవరిలో వెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు, డాలస్, టెక్సాస్

లైసెన్స్ చేతిలో లేకుండా ఆ రైఫిల్ ముట్టుకోవద్దు. నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, అరువు తెచ్చుకున్నదైనా అంతే. ఉన్న మినహాయింపుల్లో మీకు పనికొచ్చేది, అమెరికాలో చట్టబద్ధంగా ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. గడువు తీరిందంటే ఆ మినహాయింపు కూడా పోయినట్టే. హెచ్4 మీద ఉన్న భార్యకో భర్తకో కూడా ఇదే. ఏదైనా తేడా వస్తే పోయేది వీసా, గ్రీన్ కార్డ్ అన్నీ కాబట్టి ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని ఒక్కసారి అడగండి. హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు చేసి, లైసెన్స్ తీసుకుని, మీ కౌంటీలో జనవరిలో ఏ తేదీ దాకా ఏ జింకకు అనుమతి ఉందో టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఉత్తర టెక్సాస్‌కీ దక్షిణ టెక్సాస్‌కీ తేదీలు వేరు. చెట్టు ఎక్కేటట్టయితే నేల మీద ఉండగానే హార్నెస్ (కింద పడకుండా కాపాడే బెల్టు) కట్టుకోండి, దిగి కాళ్లు నేలకు ఆనేదాకా విప్పొద్దు.