బోనులో ఉన్న సాక్షి ‘అన్‌అవైలబుల్’ అవుతాడా?

అవుతాడండీ. సాక్షి అందుబాటులో లేడని (అన్‌అవైలబుల్) తేలితేనే, అతను ఈ విచారణ బయట ముందు చెప్పిన కొన్ని రకాల మాటల్ని సాక్ష్యంగా వాడుకునే దారి తెరుచుకుంటుంది, అందుకే ఈ ప్రశ్న. మనిషి బోనులోనే ఉండి ‘నాకేమీ గుర్తులేదు’ అంటుంటే అందుబాటులో లేనట్టు ఎలా అన్నదేగా మీ టెన్షన్, కానీ అమెరికా ఫెడరల్ ఎవిడెన్స్ రూల్ 804(ఎ) చూసేది మనిషి వచ్చాడా అని కాదు, అతని నుంచి సాక్ష్యం వస్తుందా అని. చనిపోయినా, జబ్బుతో రాలేకపోయినా, సాక్ష్యం చెప్పకుండా ఉండే హక్కు (ప్రివిలేజ్) ఉందని జడ్జి ఒప్పుకున్నా, అసలా విషయమే గుర్తులేదని బోనెక్కి చెప్పినా సరిపోతుంది. ఊరికే చెప్పనని మొండికేస్తే మాత్రం చాలదు, చెప్పమని జడ్జి ఆర్డర్ వేశాక కూడా నోరు విప్పకూడదు.

ఇక మీ రెండో సాక్షి వేరే రాష్ట్రంలో ఉన్నాడన్నారు, అదొక్కటే పనికిరాదు. 1968లో బార్బర్ వర్సెస్ పేజ్ కేసులో, సాక్షి టెక్సస్‌లోని ఫెడరల్ జైల్లో ఉన్నాడని చెప్పి, రప్పించే ప్రయత్నమే చేయకుండా ఓక్లహోమా ప్రాసిక్యూషన్ పాత వాంగ్మూలం చదివేస్తే సుప్రీంకోర్టు కుదరదంది. అది రాజ్యాంగం కింద వచ్చిన తీర్పే గానీ, రూల్ కూడా సమన్లతోనో ఇంకో సహేతుకమైన దారిలోనో రప్పించలేకపోయామని చూపించమంటుంది. సాక్షి రాకుండా మీవాళ్లే అడ్డుపడి ఉంటే ఇదంతా మర్చిపోండి, అతను అన్‌అవైలబుల్ అని మీరు వాదించలేరు.

అన్నట్టు, అన్‌అవైలబుల్ అని తేలగానే అతని పాత మాట సాక్ష్యంలోకి వచ్చేయదు, విచారణ బయటి మాటలు (హియర్‌సే) చెల్లవన్న నియమానికి 804(బి)లో ఉన్న ఏదో ఒక మినహాయింపులో ఇమడాలి.