మొదటి వేసవి డ్యూటీలో ఉన్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో నువ్వు అన్న మాట నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. "రేణిగుంట విమానాశ్రయంలో మా విమానం టేకాఫ్‌కు ఎండ పరిమితి 49 డిగ్రీలు మామయ్యా, మన వైపు ఎంత మండినా 45 దగ్గర ఆగుతుంది, ఇక భయమేముంది" అన్నావు. విమానం బయలుదేరే ముందు బరువు, ఇంధనం లెక్కలు చూసే డిస్పాచర్ కుర్చీలో కూర్చున్న మనిషి ఆ ధీమాతో రోహిణి కార్తెలోకి అడుగు పెట్టకూడదు. అందుకే ఈ ఉత్తరం.

ఆ 49 ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూడు. విమానాల వాళ్లు కొలమానంగా పెట్టుకున్న ప్రామాణిక వాతావరణం లెక్కలో సముద్ర మట్టం దగ్గర 15 డిగ్రీలు. వెయ్యి అడుగులు పైకి వెళ్లేకొద్దీ దాదాపు 2 డిగ్రీలు తగ్గుతుంది. మీరు నడిపేలాంటి చిన్న ప్రాంతీయ జెట్‌లకు ఆ ప్రామాణిక ఉష్ణోగ్రత మీద మరో 35 డిగ్రీల వరకే అనుమతి ఉండటం మామూలు. ఆ లెక్కన సుమారు 350 అడుగుల ఎత్తున్న రేణిగుంటకు 49, వెయ్యి అడుగుల పైచిలుకు నాగపూర్‌కు 48, రెండు వేల అడుగుల శంషాబాద్‌కు 46, మూడు వేల అడుగుల బెంగళూరుకు 44. విమానం ఒకటే, ఊరు మారితే అంకె మారుతుంది. ఒక్క అంకెను బట్టీపట్టి అన్ని ఊళ్లకూ వాడకు. పైగా ఇక్కడ ఎత్తు అంటే వాయుపీడనం లెక్కలో ఎత్తు. మే నెలలో పీడనం పడిపోతుంది. క్యూఎన్‌హెచ్, అంటే సముద్ర మట్టానికి లెక్కగట్టిన వాయుపీడనం, మామూలు 1013 నుంచి 1000 హెక్టోపాస్కల్స్‌కి దిగితే రన్‌వే ఉన్న ఎత్తుకు మరో మూడు నాలుగు వందల అడుగులు కలిసినట్టే, పరిమితి ఇంకొంచెం కిందికి జారినట్టే.

2017 జూన్‌లో అమెరికాలోని ఫీనిక్స్‌లో జరిగింది నీకు శిక్షణలో చెప్పే ఉంటారు. ఎండ 48 దాటుతుందని తెలిసి బొంబార్డియర్ సీఆర్‌జే అనే చిన్న ప్రాంతీయ జెట్‌ల ప్రయాణాలను పదుల సంఖ్యలో రద్దు చేశారు. వాటి పరిమితి 118 ఫారన్‌హీట్, అంటే 47.8 డిగ్రీలు. ఫీనిక్స్ ఎత్తు 1,135 అడుగులు. పై లెక్క కట్టి చూడు, సరిగ్గా అక్కడికే వస్తుంది. అదే రోజు పెద్ద బోయింగ్‌లు, ఎయిర్‌బస్‌లు ఎగిరాయి, ఎందుకంటే వాటి టేకాఫ్ లెక్కల పట్టికలు 52 డిగ్రీల దాకా ఉన్నాయి. 48 దగ్గర చిన్న విమానం ఎగరలేకపోతుందని కాదు, ఆ పైన ఎంత బరువుతో ఎంత రన్‌వేలో లేస్తుందో చెప్పే అంకెలు చేతిలో లేవు. పట్టికలో గీత ఆగిన చోట దాన్ని మనసులో పొడిగించి చూసే పని ఎవరు అడిగినా చేయవద్దు. కెప్టెన్ అడిగినా సరే.

అసలు చెప్పాలనుకున్నది ఇది. ఆ పరిమితి నీకు ఏళ్ల తరబడి ఎదురు కాకపోవచ్చు. నిన్ను రోజూ ఇబ్బంది పెట్టేది దానికి చాలా కింద మొదలవుతుంది. చాలా ఇంజన్లు సముద్ర మట్టం దగ్గర 30 డిగ్రీల వరకే పూర్తి థ్రస్ట్, అంటే ముందుకు తోసే బలం, ఇస్తాయి. ఆ పైన టర్బైన్ మితిమీరి వేడెక్కకుండా థ్రస్ట్ తగ్గించుకుంటూ పోవాల్సిందే. మన కావలిలో, నెల్లూరులో మే నెలలో తెల్లవారుజామునే 30కి కాస్త అటూ ఇటూగా ఉంటుంది కదా! అంటే సూర్యుడు వచ్చిన కొద్దిసేపటికే ఇంజను పూర్తి బలం ఇచ్చే హద్దు దాటిపోయినట్టు. దీనికి తోడు 45 డిగ్రీల దగ్గర గాలి సాంద్రత 15 డిగ్రీలప్పటి కంటే తొమ్మిది శాతం పైగా తక్కువ. అదే బరువును లేపడానికి నేల మీద ఐదు శాతం ఎక్కువ వేగం కావాలి. దానికే పరుగు పది శాతం పెరుగుతుంది, థ్రస్ట్ తగ్గడం వల్ల పెరిగేది వేరు. వీటన్నిటి మీద, ఒక ఇంజను ఆగిపోయినా, చక్రాలు ముడుచుకున్నాక 2.4 శాతం వాలుతో పైకి వెళ్లగలగాలన్న నిబంధన ఉంది. రన్‌వే ఎంత పొడుగున్నా ఈ చివరి లెక్క బరువును కోసేస్తుంది. అందుకే "రన్‌వే బోలెడంత ఉంది" అన్న మాటకు లొంగకు.

ఏ ఉష్ణోగ్రత తీసుకోవాలన్నదాంట్లో వాదన వద్దు. విమానాశ్రయం ఎప్పటికప్పుడు ఇచ్చే వాతావరణ నివేదిక, మెటార్‌లోది మాత్రమే. ఫోనులో కనిపించే "ఎంతగా అనిపిస్తుంది" అన్న అంకెలో తేమ కూడా కలిసి ఉంటుంది, అది మనుషుల ఒంటికి సంబంధించింది. తారు మీద కాళ్లు కాలుతున్నాయని గ్రౌండ్ సిబ్బంది చెప్పేదీ నిజమే, కానీ పట్టికలు తయారైనది నీడలో కొలిచే గాలి ఉష్ణోగ్రతకు.

మన కోస్తాలో గాలిని చదవడం నేర్చుకో. ఇది పుస్తకంలో దొరికేది తక్కువ. మామూలు రోజున మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరిగి ఎండ కొంచెం తగ్గుతుంది. పడమటి గాడ్పు బలంగా ఉన్న రోజున ఆ గాలి ఆలస్యమవుతుంది, లేదా రానే రాదు, ఉష్ణోగ్రత సాయంత్రం దాకా దిగదు. గాలి మళ్లిందంటే వాడే రన్‌వే దిశ కూడా మారవచ్చు, నువ్వు ఒక దిశకు వేసిన బరువు లెక్క రెండో దిశకు చెల్లదు. కాబట్టి చెన్నై, రేణిగుంటల డ్యూటీ ఉన్నప్పుడు పదకొండు గంటల నుంచే ప్రతి అరగంట నివేదికలో గాలి దిశ చూడు. రెండు దిశలకూ లెక్క సిద్ధంగా పెట్టుకో.

బరువు తగ్గించాల్సి వస్తే ముందు మిగతా దారులన్నీ చూడు. రెక్కల వెనుక దించే ఫ్లాప్‌ల అమరిక మార్చడం, ఏసీకి ఇంజను గాలి ఆపి టేకాఫ్ చేయడం, అవతలి ఊరి నుంచి చవక ధరకు మోసుకొచ్చే అదనపు ఇంధనం మానడం, గంట ఆగి బయలుదేరడం. తరువాత సరుకు. మనుషుల వంతు చివర. పదిమంది, వాళ్ల సామానుతో కలిపితే టన్ను దగ్గరికి వస్తుంది, డెబ్బై సీట్ల విమానంలో అది చిన్న విషయం కాదు. దింపక తప్పదని ముందురోజు సూచన చూడగానే తెలిస్తే అప్పుడే ఆ విమానాశ్రయంలోని మన సిబ్బందికి చెప్పు. పెళ్లికి బయలుదేరిన కుటుంబాన్ని గేటు దగ్గర విడదీయడం పాపం. ముందే తెలిస్తే వాళ్లు పొద్దుటి విమానానికి మారతారు. ఈ విషయంలో నీకు బద్ధకం ఉండటానికి వీల్లేదు తల్లీ.

ఇంకో రెండు మాటలు. ఎండలో బ్రేకులు త్వరగా చల్లారవు, దిగిన అరగంటలో మళ్లీ పంపే ముందు బ్రేకు చల్లారే పట్టిక చూడమని పైలట్‌కు గుర్తు చేయి. ఏపీయూ, అంటే నేల మీద కరెంటూ గాలీ ఇచ్చే తోక దగ్గరి చిన్న ఇంజను, అది కూడా వేడికి నీరసిస్తుంది, అది సరిగా గాలి ఇవ్వక ఇంజను స్టార్టులో టర్బైన్ వేడి ఎగబాకుతుంది. ఏపీయూ పాడైన విమానాన్ని మధ్యాహ్నం మన వైపు పంపకుండా చూడు. చలి పరిమితి, మైనస్ 40 లాంటిది, నీకు ఇప్పట్లో అక్కరలేదు.

రేపటి నుంచి నీ షిఫ్టులో వేసిన ప్రతి టేకాఫ్ లెక్కకు పక్కన ఆ సమయపు మెటార్, క్యూఎన్‌హెచ్ రాసిపెట్టుకో. నేను జూన్ మొదటి వారంలో మీ ఇంటికి వస్తాను, ఇద్దరం కూర్చుని చూద్దాం.

నీ మామయ్య,
కావలి