తొడ కండరం మానకముందే జాతీయ శిబిరానికి పంపవచ్చా?

ప్రశ్న: మాది హైదరాబాద్. మా అబ్బాయికి 21 ఏళ్లు, ఫుట్‌బాల్‌లో మైదానం అంచు వెంట వేగంగా పరుగెత్తే వింగర్‌గా ఆడతాడు. అండర్-23 జాతీయ శిబిరానికి పిలుపు వచ్చింది. మూడు వారాల కిందట మ్యాచ్‌లో పరుగెత్తుతుండగా ఎడమ తొడ వెనుక కండరం పట్టేసి మైదానంలోనే కూలబడ్డాడు. ఎంఆర్‌ఐ తీయిస్తే గ్రేడ్ 2 గాయం అన్నారు. ఇప్పుడు నడకలో నొప్పి లేదంటున్నాడు. శిబిరానికి పది రోజులు, టోర్నీకి నెలకు పైగా గడువుంది. గాయం సంగతి చెబితే పేరు తీసేస్తారని, ఒక ఇంజెక్షన్ వేయించి పంపమని తెలిసినవాళ్లు సలహా ఇస్తున్నారు. కోచ్ రహీం సాబ్ కాలంలో తలకు కుట్లు పడినవాళ్లే ఆడి స్వర్ణం తెచ్చారు కదా! ఏం చేయమంటారు?

జవాబు: మీ అబ్బాయిని శిబిరానికి పంపవచ్చు. అయితే ఎంఆర్‌ఐ రిపోర్టు, ఇప్పటివరకు చేసిన చికిత్స వివరాలు చేతికిచ్చి పంపండి. ఇంజెక్షన్ మాత్రం వద్దు.

గ్రేడ్ 2 అంటే కండరం పోగుల్లో కొన్ని తెగాయని అర్థం. ఇలాంటి గాయం నుంచి మ్యాచ్ ఆడే స్థాయికి రావడానికి సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. కండరం లోపలి స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగం, టెండన్) కూడా దెబ్బతింటే ఇంకా ఎక్కువే పట్టవచ్చు. రిపోర్టులో స్నాయువు ప్రస్తావన ఉందేమో మీ వైద్యుణ్ని తప్పకుండా అడగండి, ఎందుకంటే గడువు లెక్క చాలావరకు దాని మీదే ఆధారపడి ఉంటుంది. గాయమై మూడు వారాలే అయింది కాబట్టి శిబిరం మొదలయ్యే రోజుకు అతడు పూర్తిగా సిద్ధంగా ఉండకపోవచ్చు. టోర్నీ నాటికి కోలుకునే అవకాశం మాత్రం బాగానే ఉంది. ఈ తేడాను శిబిరంలోని వైద్యుడికి ముందే తెలియజేస్తే ఆయన శిక్షణను దానికి తగ్గట్టు మలుస్తారు.

రహీం సాబ్ పేరు ఎత్తారు కనుక ఆ విషయమూ చెప్పాలి. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. మన హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఆయన్ను పక్కన పెట్టలేదు, డిఫెన్స్ నుంచి తప్పించి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. దక్షిణ కొరియాతో జరిగిన ఫైనల్లో జర్నైల్ గోల్ కొట్టారు, భారత్ 2-1తో గెలిచింది. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, ఆ గాయం కోచ్‌కు తెలుసు, తెలిసి ఆటగాడి స్థానాన్నే మార్చారు. దాచిపెట్టిన గాయానికి ఏ కోచ్ అయినా అలాంటి ఏర్పాటు చేయలేడు. పైగా తలపై కుట్లు వేరు, తొడ కండరం వేరు. (తలకు దెబ్బ తగిలితే మెదడుకు అదురు తగిలిందేమో తేల్చకుండా నేటి వైద్యులు ఎవరినీ మైదానంలోకి పంపరు, ఆ విషయంలో 1962ను ఆదర్శంగా తీసుకోకూడదు.)

పూర్తి వేగంతో పరుగెత్తేటప్పుడు, ముందుకు చాచిన కాలు నేలను తాకబోయే క్షణంలో, తొడ వెనుక కండరం సాగుతూనే కాలి వేగానికి కళ్లెం వేయాలి. ఈ గాయాలు ఎక్కువగా అప్పుడే అవుతాయి. నడకలో, మెట్లెక్కడంలో, నెమ్మదిగా పరుగెత్తడంలో ఆ భారం పడదు కాబట్టి ‘నడిస్తే నొప్పి లేదు’ అన్న మాట వింగర్‌గా ఆడే కుర్రాడి విషయంలో ఏమీ తేల్చదు. మేము చివరి దశలో చేసే ఒక పరీక్షలో ఆటగాణ్ని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంగకుండా పట్టీ కట్టి, కాలిని వీలైనంత వేగంగా పైకి విసరమంటాం. నెమ్మదిగా ఎత్తినప్పుడు ఏ ఇబ్బందీ కనిపించని కుర్రాడు, వేగంగా అనగానే కాలిని సగంలో ఆపేసి, ‘నొప్పి లేదు సార్, కానీ భయంగా ఉంది’ అంటాడు. ఆ భయాన్ని నేను నొప్పితో సమానంగా లెక్కిస్తాను, అతణ్ని ఆటకు అనుమతించను. ఈ పరీక్షను ఇంట్లో చేయించకండి. మిగతా పరీక్షలన్నీ నొప్పి లేకుండా పూర్తయ్యాక ఫిజియోథెరపిస్టు సమక్షంలోనే చేయాలి.

దీనితోపాటు రెండు కాళ్ల బలంలో తేడా దాదాపు పది శాతానికి మించకూడదు, గరిష్ఠ వేగంతో పదే పదే పరుగులు తీయగలగాలి, ఆ తర్వాత జట్టుతో కొన్ని రోజులు పూర్తి శిక్షణ చేసి మర్నాడు కూడా బిగువు లేకుండా ఉండాలి. తిరగబెట్టిన గాయం చాలాసార్లు మొదటిదానికంటే ఎక్కువ కాలం ఆటకు దూరం చేస్తుంది.

2014 మే 24న లిస్బన్‌లో జరిగిన యూరప్ క్లబ్‌ల ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌ను చూడండి. అదే కండరం నొప్పి నుంచి కోలుకుంటున్న స్ట్రైకర్ డియెగో కోస్టాను అట్లెటికో మాడ్రిడ్ బరిలోకి దించింది. తొమ్మిదో నిమిషానికే అతణ్ని బయటికి పిలవాల్సి వచ్చింది. ఒక సబ్‌స్టిట్యూషన్ (ఆటగాణ్ని మార్చుకునే అవకాశం) అక్కడే ఖర్చయింది, మ్యాచ్ అదనపు సమయానికి వెళ్లేసరికి జట్టు అలసిపోయి 4-1తో ఓడింది. స్పెయిన్ ఆ తర్వాత కూడా అతణ్ని ప్రపంచకప్‌కు ఎంపిక చేసింది; మొదటి రెండు మ్యాచ్‌ల్లోనూ అతణ్ని మధ్యలోనే మార్చారు, గోల్ రాలేదు, జట్టు గ్రూప్ దశలోనే ఇంటిదారి పట్టింది. ఆ ఓటమికి కారణం అతడొక్కడే అనడం న్యాయం కాదు. కానీ సగం మానిన కండరంతో దిగే ఆటగాడు తనతోపాటు జట్టునూ ఇబ్బందిలోకి నెడతాడు.

ఇంజెక్షన్ విషయం మరింత ప్రమాదకరం. నొప్పి తెలియకుండా చేసే మందు కండరాన్ని మాన్పదు, ఆగమని చెప్పే హెచ్చరికను మాత్రమే ఆపేస్తుంది. అది వాపు తగ్గించే స్టెరాయిడ్ అయితే వేరే చిక్కు కూడా ఉంది: ఏ రకంగా ఇచ్చినా ఆ ఇంజెక్షన్లను 2022 జనవరి నుంచి పోటీల సమయంలో నిషేధించారు. ట్రమడాల్ అనే నొప్పి మందు 2024 నుంచి అదే నిషేధ జాబితాలో ఉంది. తెలిసినవాళ్లు ఇచ్చిన సూదిమందు వల్ల డోపింగ్ పరీక్షలో పట్టుబడితే శిక్ష మీ అబ్బాయికే పడుతుంది.

పేరు తీసేస్తారేమో అన్న మీ ఆందోళన నాకు అర్థమైంది. తీయవచ్చు కూడా, ఆ అవకాశం లేదని నేను చెప్పలేను. కానీ 2022లో సెనెగల్ ఏం చేసిందో చూడండి: స్టార్ ఆటగాడు సాదియో మానే గాయం అందరికీ తెలిసినా ప్రపంచకప్ జట్టులో అతడి పేరు ప్రకటించింది, మళ్లీ పరీక్షించాక ఆడలేడని తేలడంతో టోర్నీకి ముందే తప్పించింది. గాయం బయటపెట్టినంత మాత్రాన తలుపు మూసుకుపోదు. రెండో రోజు శిక్షణలో కాలు పట్టుకుని ఆగిపోయి, అప్పుడు పాత ఎంఆర్‌ఐ బయటపడితే ఏ సెలెక్టరూ ఆ కుర్రాణ్ని సులువుగా నమ్మరు.

ఈ పది రోజులూ ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో సాగదీస్తూ బలం పెంచే వ్యాయామాలు రోజు విడిచి రోజు చేయించండి, పరుగు వేగాన్ని అంచెలంచెలుగా పెంచండి, ఎండ ముదరకముందే మెత్తటి పచ్చిక మీద సాధన పెట్టుకోండి. పరుగు మధ్యలో చెయ్యి తనంతట తానే తొడ వెనక్కి పోతుంటే ఆ రోజుకు అక్కడితో ఆపించండి. మళ్లీ ఫట్‌మన్నట్టు అనిపించినా, కొత్తగా కమిలినా, కాలు తిమ్మిరెక్కినా వెంటనే వైద్యుడికి చూపించండి.